స్పాంజి గారి లైఫ్ సర్టిఫికెట్

ఒక ఉన్నతాధికారి గారు ఒక కాంట్రాక్టరు ఇంటికి భోజనానికి వెళ్లారు. వడ్డన ఆలస్యమయ్యేసరికి ఊరికే కూర్చోలేక, హాల్లో ఉన్న అక్వేరియంలో ఎర్ర చేపకి మేత వేయడం మొదలుపెట్టారు. పావుగంట వేశారు. చేప తినలేదు. అలిగిందేమోనని గాజు మీద వేలితో తట్టి, బుజ్జగించి, ఇంకో పావుగంట వేశారు. అప్పుడు కాంట్రాక్టరు భార్య వంటింట్లోంచి వచ్చి, "అయ్యో, అది ప్లాస్టిక్‌దండీ" అంది. ఆ పూట ఆయన తిన్నది ఒంటబట్టలేదు. మూడు నెలలు తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది.

ఇళ్లలో ఉప్పునీటి తొట్టెల్లో పెరిగే ప్రతి ప్రాణీ ఏటా నవంబరు నెలలో తాను బతికే ఉన్నట్టు కార్యాలయంలో నిరూపించుకోవాలి. నిరూపించుకోలేకపోతే దాన్ని 'మృతజీవి అక్రమ నిల్వ' కింద లెక్కగట్టి, తొట్టెతో సహా ఎత్తుకుపోతారు. పథకం పేరు 'ప్రతి ప్రాణికీ పత్రం'. బీచ్ రోడ్డు మీద దాని కోసం పెద్ద నడక కూడా జరిగింది. నడిచినవాళ్లలో ఇంట్లో తొట్టె ఉన్నవాళ్లు నలుగురైనా లేరుగానీ, అందరికీ టీషర్టులు, టోపీలు ఇచ్చారు.

నేను ఈ విశాఖపట్నంలోనే ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఏటా నేను బతికే ఉన్నానని ట్రెజరీకి వెళ్లి వేలిముద్ర వేసి వస్తుంటాను. కాబట్టి ఉత్తర్వు చూసి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మనుషులకి పట్టిన శని చేపలకి మాత్రం ఎందుకు పట్టకూడదు అనుకున్నాను.

మా ఇంట్లో నాలుగడుగుల తొట్టె ఉంది. అందులో సముద్రపు రాళ్లు, పగడపు మొక్కల్లాంటివి కొన్ని, రెండు చారల చేపలు, ఒక రొయ్య. ఇవి కాక గుమ్మడి.

గుమ్మడి అంటే కూరగాయ కాదు. స్పాంజి. గిన్నెలు తోమే పీచు కూడా కాదు, సముద్రంలో పుట్టి పెరిగే అసలు సిసలు జంతువు. ఆరేళ్ల క్రితం తొట్టెలోకి తెచ్చిన ఒక రాయి సందులో ఆవగింజంత నారింజ రంగు చుక్కగా వచ్చింది. ముప్పై రెండేళ్లు పిల్లలకి స్పాంజి పాఠం చెప్పినవాణ్ణి నేను. కానీ ఆ చుక్కని చూసింది మా ఆవిడ వరహాలమ్మ, మా వరాలు. "ఏటండి ఇది? నిన్న లేదు" అంది. నేను కళ్లజోడు పెట్టుకుని చూసి, తుప్పు మరక, తుడిస్తే పోతుంది అన్నాను. సిగ్గులేని మాట, ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ చుక్కని పిడికిలంత చేసింది వరాలే. దాని తిండి కోసం బాల్కనీలో సీసాల్లో ఆకుపచ్చ నీళ్లు, అంటే కంటికి ఆనని నాచు, పెంచేది. రోజూ పొద్దున పంపు ఆపి, డ్రాపరుతో దాని పక్కన పది చుక్కలు వదిలేది. అది కదలదు, పిలిస్తే పలకదు, చూడదు. "నాను మాటాడితే మధ్యలో అడ్డురానిది ఈ కొంపలో ఇదొక్కటే" అని దానితో గంటల తరబడి మాట్లాడేది. నేను ఉడుక్కునేవాణ్ణి. ఆ మాటకొస్తే ఆరేళ్లూ ఆ స్పాంజి ముందు నాది ఎప్పుడూ రెండో స్థానమే.

చేపలకి, రొయ్యకి పని తేలిగ్గా అయిపోయింది. వాటికి కళ్లున్నాయి. ఫోనుతో కంటి ఫొటో తీసి పంపితే ఒప్పుకున్నారు. గుమ్మడి దగ్గరే వచ్చింది తంటా. కార్యాలయానికి వెళ్లి సూపరింటెండెంటు భీమశంకరం గారి ముందు కూర్చున్నాను.

"పేరు?"

"గుమ్మడి."

"జాతి?"

"స్పాంజి."

ఆయన పెన్ను ఆపాడు. "వస్తువులు మా పరిధిలోకి రావండీ."

"వస్తువు కాదండీ, జంతువు. నేను సైన్సు మాస్టార్ని."

మాస్టారు అనగానే కాస్త మెత్తబడి మళ్లీ ఫారం మీదికి వంగాడు. "కనుపాప?"

"కళ్లు లేవండీ."

"పోనీ వేలిముద్ర, రెక్కముద్ర, తోకముద్ర?"

"అవేవీ లేవు."

"గుండె?"

"లేదు."

"మెదడు?"

"అదీ లేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నన్ను జాలిగా చూశాడు. "మెదడూ గుండే లేకుండా, ఉన్నచోటి నుంచి కదలకుండా, ఏళ్ల తరబడి ఒక ప్రాణి ఎలా బతుకుతుంది మాస్టారూ?"

ఇరవై ఎనిమిదేళ్లుగా అదే సీట్లో కూర్చున్న మనిషి ఆ ప్రశ్న వేయడం నాకు విడ్డూరంగా తోచింది. అయినా పని మనది కాబట్టి ఆ మాట పైకి అనలేదు. "నీళ్లు లోపలికి పీల్చుకుంటుందండీ, అందులో తిండి ఏరుకుని మిగతా నీళ్లు వదిలేస్తుంది. ఒళ్లంతా బెజ్జాలే" అన్నాను.

"బెజ్జాలు అన్న కాలమ్ మా ఫారంలో లేదు. విషయాన్ని పశువైద్యుల వారి పరిశీలనకు నివేదిస్తున్నాము" అన్నాడు. ఆయన ఒక్కడే ఉన్నా ఎప్పుడూ బహువచనంలోనే మాట్లాడేవాడు.

నాలుగో రోజున పశువైద్యులు డాక్టర్ యుగంధర్ గారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే. గేదెల విషయంలో ఆయన చెయ్యి పడితే తిరుగులేదంటారు. తొట్టె ముందు కూర్చుని, స్టెతస్కోపు గాజుకి ఆనించి, కళ్లు మూసుకున్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"గుండె లేదంటారేంటండీ! దడదడా కొట్టుకుంటుంటే!"

"అది పంపు చప్పుడండీ" అన్నాను.

"నలభై ఏళ్ల ప్రాక్టీసు నాది" అని ఆయన నన్ను ఆపేశారు.

సరిగ్గా అప్పుడే వరాలు మేత వేళయిందని పంపు స్విచ్చి ఆపింది. డాక్టరు గారు గతుక్కుమని లేచి నిలబడ్డారు. "అమ్మా! పోయిందమ్మా! గుండె ఆగిపోయింది!"

వరాలు కంగారుపడి స్విచ్చి వేసింది.

"ఆఁ... లేచింది!" అని ఆయన చెమట తుడుచుకున్నారు. అక్కడే కూర్చుని నివేదిక రాశారు. రోగికి గుండె మితిమీరిన వేగంతో కొట్టుకుంటున్నదనీ, తన సమక్షంలోనే ఒకమారు ఆగి మరల కొట్టుకున్నదనీ, రక్తపోటు అనుమానమున్నందున తొట్టెలో ఉప్పు బాగా తగ్గించవలెననీ. సముద్రపు జంతువుకి ఉప్పు తగ్గించమన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. కాఫీ ఇచ్చి పంపించాం.

ఈ నివేదికతో గొడవ ముదిరింది. గుండె లేదని సంరక్షకుడి వాంగ్మూలం, ఉందని వైద్యుడి నివేదిక. రెండు కాగితాలు ఒకదానికొకటి పొసగకపోతే ప్రభుత్వం ఏం చేస్తుంది? కమిటీ వేస్తుంది. ఆచార్య వాచస్పతి గారు అధ్యక్షులుగా త్రిసభ్య కమిటీ ఒకటి శాలువాలతో సహా మా ఇంట్లో దిగింది. ఆచార్యుల వారి శాస్త్రం ఏమిటో చివరిదాకా తెలియలేదు. కమిటీలకు అధ్యక్షత వహించడమే ఆయన శాస్త్రం అనుకుంటాను.

"సజీవత్వమనగా స్పందన. స్పందన లేనిదే సజీవత్వము అసంభవము. ఈ మౌలిక ప్రాతిపదికపై మనము ముందుకు సాగుదము" అని ఆయన సోఫాలోకి సాగారు. తర్వాత ముగ్గురూ గంటంబావు సేపు గుమ్మడినే చూశారు. చప్పట్లు కొట్టారు. పేరు పెట్టి పిలిచారు. ఒకాయన ఈల వేశాడు. గుమ్మడి కదల్లేదు. మూడో సభ్యుడు మాత్రం ఈలోగా గుర్రు పెట్టాడు.

వరాలుకి ఒళ్లు మండింది. "సచ్చిందో బతికుందో తేల్చడానికి ఇంత గోలేటండి? ఇటు రండి, నాను సూపిస్తాను" అని వంటింట్లోకి వెళ్లి, జాంగ్రీల్లో వేసే ఎర్ర రంగు నీళ్లలో కలిపి తెచ్చింది. డ్రాపరుతో గుమ్మడి అడుగున, దాని ఒంటి పక్కగా, ఒక్క చుక్క మెల్లిగా వదిలింది.

ఎర్ర మరక గుమ్మడి ఒంటికి ఆనుకుని ఒక్క క్షణం నిలబడింది. చిన్న చిన్న బెజ్జాల్లోంచి లోపలికి ఇంకిపోయింది. తర్వాత పైనున్న పెద్ద బెజ్జంలోంచి సన్నటి ఎర్రటి పోగు పొగలాగ పైకి లేచింది. పీల్చి వదిలింది! పాఠం చెప్పడమే తప్ప నేనూ ఎప్పుడూ కళ్లారా చూడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వరాలు మురిసిపోతూ, "సూసినారా నా తల్లి ఎలాగ ఊపిరి తీస్తందో" అంది.

ఆచార్యుల వారు గొంతు సవరించుకున్నారు.

"అత్యద్భుతము. అయితే ఒక సందేహము. ఈ చర్యను ప్రాణి స్వచ్ఛందముగా చేసినదా, లేక సంరక్షకుల ఒత్తిడికి లోనై చేసినదా?"

దానికి నేనిచ్చిన జవాబు కాగితం మీద పెట్టదగ్గది కాదు. మొత్తానికి కమిటీ పద్దెనిమిది పేజీల నివేదిక ఇచ్చింది. దాని సారాంశం: గుమ్మడి 'సూత్రప్రాయముగా సజీవము'. పూర్తిగా సజీవం కావాలంటే డైరెక్టరు గారి ఎదుట స్వయంగా హాజరు కావాలి.

అది కుదరని పని. ఎందుకంటే స్పాంజిని నీళ్లలోంచి గాలిలోకి తీయకూడదు. పెంచేవాళ్లందరికీ తెలిసిన మొదటి పాఠం అది. బయటికి తీస్తే ఒంట్లో బెజ్జాల్లోని నీళ్లు కారిపోయి గాలి దూరుతుంది. మళ్లీ నీళ్లలో పెట్టినా ఆ గాలి పోదు. గాలి నిలిచిన చోటల్లా లోపలి నుంచే కుళ్లడం మొదలవుతుంది. ఒక్క నిమిషం చాలు. ఇదంతా ఎర్ర సిరాతో గీతలు గీసి అర్జీ పెట్టాను. మూడుసార్లు తిరిగాక జవాబు వచ్చింది: 'సదరు ప్రాణిని నీటితో సహా హాజరుపరచుటకు అభ్యంతరము లేదు.'

మేమే గెలిచామనుకున్నాం. అర్జీ రాయడంలో నా అంతవాడు లేడని వరాలు దగ్గర రెండు రోజులు గొప్పలు కూడా పోయాను.

చెప్పిన రోజున గుమ్మడిని రాయితో సహా నీళ్లలోనే బకెట్లోకి దించి, మూత పెట్టి ఆటో ఎక్కాం. దారి పొడుగునా వరాలు బకెట్టుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరు మీద కేకలేసింది. కార్యాలయంలో అటెండరు అసిరినాయుడు ఎదురొచ్చి బకెట్టు అందుకున్నాడు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి, నెమ్మదస్తుడు. డైరెక్టరు గారు గదిలోంచి వచ్చి, మూత తీయించి, బకెట్లోకి తొంగిచూసి, "ఓహో" అన్నారు. అంతే, హాజరు పూర్తయింది.

"ఇక సంరక్షకులిద్దరూ పక్క గదిలో సంతకాలు చేసి రావాలి. ఉమ్మడి సంరక్షణ కాబట్టి ఇద్దరూ విడివిడిగా, ఒకేసారి" అన్నాడు భీమశంకరం.

"బకెట్టు?" అంది వరాలు.

"కార్యాలయం సంరక్షణలో ఉంటుందమ్మా. మేమంతా ఉన్నాము కదా."

నాలుగు నిమిషాలు పట్టింది. మేం తిరిగి వచ్చేసరికి గుమ్మడి బల్ల మీద, తెల్ల తువ్వాలు మీద ఉంది. రాయితో సహా బయట. చుట్టూ నీళ్లు కారి మడుగు కట్టింది. ఇద్దరు గుమాస్తాలు కెమెరా పట్టుకుని దాని ముఖం ఎటువైపో తేల్చుకోలేక వాదించుకుంటున్నారు. తెల్లటి నేపథ్యం ఉండాలనీ, ముఖం నేరుగా కెమెరా వైపు ఉండాలనీ, ముఖంపై ఎటువంటి ముసుగూ ఉండరాదనీ నిబంధన. నీళ్లు ముసుగు కిందికి వస్తాయని వాళ్లు తేల్చారు. అసిరినాయుడు గోడకి ఆనుకుని, "నాను వొద్దన్నానమ్మా" అంటున్నాడు.

వరాలు అరిచిన అరుపు నేను ఈ జన్మలో మరిచిపోను. పరుగున వెళ్లి, రెండు చేతులతో ఎత్తి బకెట్లో ముంచింది. గుమ్మడి ఒంట్లోంచి బుడగలు సన్నగా ఒకటి రెండు వచ్చి ఆగిపోయాయి. తక్కిన గాలి లోపలే ఉండిపోయింది.

"నీటితో సహా అని మీరే కదయ్యా రాశారు!" అని నేను కేకలేశాను.

భీమశంకరం ఏమాత్రం తొణకలేదు. "నీటితో సహా హాజరుపరచడానికి మాత్రమే అనుమతి మాస్టారూ. ఫొటోకి నీళ్ల గురించి మీ అర్జీలో మీరు అడగలేదు. అడగనిదానికి కార్యాలయం అనుమతి ఎలా ఇస్తుంది?"

ఆ సాయంత్రమే ధ్రువపత్రం ఇచ్చారు. చుట్టూ బంగారు అంచు. ఫొటోలో గుమ్మడి తలకిందులుగా ఉంది. కింద డైరెక్టరు గారి సంతకం: 'పై ప్రాణి వచ్చే నవంబరు ముప్పయ్యవ తేదీ వరకు సజీవముగా ఉన్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'

నాలుగో రోజున గుమ్మడి ఒంటి మీద తెల్ల మచ్చ లేచింది. కుళ్లిన భాగం కోసేస్తే మిగతాది బతకొచ్చని వరాలు నీళ్లలోనే బ్లేడుతో కోసింది. మర్నాడు ఇంకోచోట మచ్చ. మళ్లీ కోసింది. తొమ్మిదో రోజుకి నారింజ రంగు మొత్తం పోయి బూడిద రంగు మిగిలింది. పదకొండో రోజుకి కోయడానికి ఏమీ లేదు. జాంగ్రీ రంగు చుక్క వేసింది. చుక్క అలాగే నీళ్లలో చెదిరిపోయింది. వరాలు డ్రాపరు పక్కన పెట్టి, తొట్టె గాజుకి నుదురు ఆనించి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. మెదడూ గుండే లేని ఒక ముద్ద కోసం ఇద్దరు ముసలివాళ్లు ఏడవడమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆరేళ్లు రోజూ అన్నం పెట్టిన చెయ్యి మాది కాబట్టి మేం ఏడ్చాం.

చచ్చిన స్పాంజిని తొట్టెలో ఉంచితే నీళ్లు విషమై చేపలూ పోతాయి. తీసి ఒక స్టీలు డబ్బాలో పెట్టి, చనిపోయినట్టు నమోదు చేయించడానికి వెళ్లాం. భీమశంకరం ముక్కు మూసుకుని ఫారం తీశాడు.

"మరణానికి కారణం? వృద్ధాప్యం అని రాసేద్దామా?"

"ఆరేళ్లండీ. సముద్రంలో వందేళ్లు దాటి బతికే స్పాంజులున్నాయి" అన్నాను.

"పోనీ, గుండె జబ్బు. పశువైద్యుల నివేదిక కూడా ఉంది."

"దానికి గుండె లేదు!"

"అయితే సంరక్షకుల నిర్లక్ష్యం."

వరాలు ముందుకి జరిగింది. "కారణం నాను సెప్తాను రాయండి. మీరు ఫొటో తీసినారు, అది సచ్చిపోనాది. అదే రాయండి. ఆ అచ్చరాలు తప్ప ఇంకేటి రాసినా నాను సంతకం పెట్టను."

భీమశంకరం పెన్నుకి మూత పెట్టాడు. లోపలికి వెళ్లి డైరెక్టరు గారితో పావుగంట మాట్లాడి వచ్చాడు.

"అమ్మా, ధ్రువపత్రం నవంబరు దాకా చెల్లుతుంది. అప్పటిదాకా కార్యాలయం దృష్టిలో ఈ ప్రాణి సజీవంగానే ఉన్నది. సజీవ ప్రాణిని పారవేయుట శిక్షార్హము. ఇంటికి తీసుకెళ్లి జాగ్రత్తగా పెంచుకోండి."

వరాలు డబ్బా మూత తీసి, ఆయన బల్ల మీద, ఫైళ్ల మధ్యలో పెట్టింది. "అయితే మీరే పెంచుకోండి. బతికున్నదాన్ని పెంచుకోలేనోళ్లు మీకు అప్పజెప్పీయొచ్చని మీ గోడ మీదే రాసున్నాది కదా."

గోడ మీద నిజంగానే రాసుంది. కాదనాలంటే అది చచ్చిందని ఒప్పుకోవాలి. చచ్చిందని ఒప్పుకుంటే కారణం రాయాలి. భీమశంకరం గోడ వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు, చివరికి రసీదు రాసి ఇచ్చాడు: 'సజీవ స్పాంజి ఒకటి, ఆరోగ్యవంతమైన స్థితిలో ముట్టినది.'

గుమ్మడిని గాజు జాడీలో వేసి డైరెక్టరు గారి గది బయట పెట్టారు. రోజుకి రెండుసార్లు ఆరోగ్యం రాయడానికి ఒక రిజిస్టరు తెరిచారు. వారం తిరిగేసరికి ఆ వరండాలో మనిషి నిలబడలేని వాసన. కానీ వాసన వస్తోందని ఏ ఉద్యోగీ అనలేదు. అంటే ఎక్కడి నుంచి అని అడుగుతారు కదా! అగరొత్తులు వెలిగించారు, ఫ్యాన్లు పెంచారు, ఒకాయన జలుబని సెలవు పెట్టాడు. పక్షం రోజులకి పథకం వార్షికోత్సవం వచ్చింది. రాష్ట్రంలో కార్యాలయమే స్వయంగా పెంచుతున్న ప్రాణి అదొక్కటే కాబట్టి గుమ్మడిని ఆదర్శ ప్రాణిగా ఎంపిక చేశారు. మమ్మల్నీ పిలిచారు.

వేదిక మీద జాడీకి పూలదండ వేశారు. డైరెక్టరు గారు మైకు ముందుకు వచ్చి, ఊపిరి బిగబట్టి, "ఎంత కళకళలాడుతూ ఉందో చూడండి" అన్నారు. ముక్కు మూసుకుంటే చప్పట్లు కొట్టడం కుదరదు కాబట్టి, అందరూ ముక్కులు వదిలి చప్పట్లు కొట్టారు. వరాలుని రెండు మాటలు చెప్పమన్నారు.

"ఆరేళ్లు మా ఇంట్లో ఉన్నాది. ఒక్కనాడు కూడా వాసన రాలేదు" అని వచ్చి కూర్చుంది.

సభలో కొందరు దగ్గారు. ఆచార్య వాచస్పతి గారు లేచి, మాతృమూర్తి భావోద్వేగానికి లోనయ్యారని వివరించారు.

బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర అసిరినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, ఆదివారం నాడు ఎవులూ లేనప్పుడు అట్టుకెళ్లి సముద్రంలో కలిపీసి వొస్తాను. అది ఉండాల్సిన చోటు అదే కదా" అన్నాడు మెల్లిగా.

"మరి సోమవారం జాడీలో ఏటి సూపిస్తావు నాయుడూ?" అంది వరాలు.

"ఏటీ సూపించక్కర్లేదమ్మా. ఇన్నాళ్లయినాది, ఒక్కలూ అందులోకి సూడలేదు. రిజిస్టరు సూస్తారు, అంతే."

అన్న మాట ప్రకారం అతను సముద్రంలో కలిపాడు. వాసన పోయిందిగానీ రిజిస్టరు మాత్రం ఆగలేదు.

ఈ నవంబరులో మా ఇంటికి రిజిస్టరు పోస్టులో బంగారు అంచు కాగితం వచ్చింది. గుమ్మడి మరో ఏడాది సజీవంగా ఉన్నట్టు డైరెక్టరు గారి సంతకం. పక్కన కొత్త ఫొటో: తెల్లటి నేపథ్యం, మధ్యలో ఖాళీ జాడీ. నేను కోపంతో చింపబోతుంటే వరాలు నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు ఆ ఫొటోనే చూసింది.

"పోన్లెండి," అంది. "ఈసారి ఫొటో తీసినా దానికేటీ అవ్వలేదు."